వజ్రాల గుంట దగ్గర అరగంట

"పొద్దున గుళ్లు చూపించారు, మధ్యాహ్నం అడవిలో పులులట. మధ్యలో మీ వజ్రాల గుంటలకి అరగంట ఇచ్చారు," అంది టూరు బస్సు దిగివచ్చిన అక్క.

తమ్ముడు జల్లెడ ఆపలేదు. "పులి కనబడితే నీ అదృష్టం. అదీ నాకు వజ్రం కనబడ్డం లాంటిదే."

"పదకొండేళ్లలో ఒక్కటీ దొరకలేదా?"

"లేదు."

ఆమె అతని పాకలోకి చూసింది. ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక చాప. అతను కంకర తీస్తున్న కుప్ప ఇంకా తడిగానే ఉంది.

"అది కడిగేసిందే కదరా?"

"మూడుసార్లు కడిగాను. కొత్తది తవ్వడానికి నడుం సహకరించట్లేదు."

"మరి ఇంటికి రావడానికేం రోగం?"

"నువ్వే అన్నావు కదక్కా, రాయి దొరికితేనే మా గడప తొక్కమని."

"నేనా? ఎప్పుడు?"

"నేను ఇక్కడికి బస్సెక్కిన రోజు. కిటికీ పక్కన నిలబడి అన్నావు."

అక్కకి ఆ మాట గుర్తు రాలేదు.

అవతల బస్సు హారను మోగింది. ఆమె వంగి, కుప్పలోంచి ఒక రాయి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇదుగో, దొరికింది. పద. నా పక్క సీటుకి కూడా టికెట్ కొన్నాను."

"ఇది ఉత్త గులకరాయి అక్కా."

"నాకు కళ్లు లేవనుకున్నావా? పద."

తమ్ముడు ఆ రాయిని ఎండకు పట్టి, రోజూ ప్రతి రాయినీ చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు. పారేసే కుప్పలో వెయ్యలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు.