కొండ మలుపులో ఒక్కతే

"అది అమ్మేది కాదండీ! దించకండి!"

కాత్యాయని పరుగెత్తుకొచ్చేసరికే అతను బొమ్మను మేకు నుంచి తీసేశాడు. రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

యూనివర్సిటీ గ్యాలరీలో ఆమె గీసిన బొమ్మల ఎగ్జిబిషన్‌కి అది ఆఖరి మధ్యాహ్నం. హాల్లో ఉన్న నలుగురు స్టూడెంట్లూ మాటలాపి చూస్తున్నారు.

"కొననీకి రాలే మేడం," అన్నాడతను. "ఈమె నా భార్య."

బొమ్మలో కొండదారి, ఒక మలుపు. ఆ మలుపు దగ్గర వీపు మాత్రమే కనిపిస్తూ నడిచిపోతున్న ఆడమనిషి. బొటనవేలంత ఉంటుంది. పసుపు చున్నీ, నడుం దాటిన జడ.

"వీపు చూసి ఎలా చెప్తారండీ?" అడిగింది కాత్యాయని.

"పదకొండేండ్లు చూసిన మేడం. ఎడమ భుజం జర వంచి నడుస్తది. మీ ఎగ్జిబిషన్ ఫోటో పేపర్ల పడ్డది కదా, మా పాప వేలు పెట్టి 'అమ్మ' అన్నది."

కాత్యాయని స్టూడెంట్లను బయటికి పంపేసి, అతనికి కుర్చీ వేసింది. పేరు పరుశురాం అని చెప్పాడు. రైల్వేలో ఉద్యోగం, మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఇల్లు. కూర్చున్నాక కూడా బొమ్మను వదల్లేదు.

చుట్టూ గోడల నిండా, బొమ్మలోని ఆ కొండల ఊళ్ళో కాత్యాయని గడిపిన నాలుగేళ్ళున్నాయి. బడి గోడల మీద పిల్లలతో కలిసి వేసిన పిట్టలు, వాగులో రాళ్ళు ఏరి నూరి చేసిన ఎరుపు, మంచు కురిసిన పొద్దున గుమ్మంలోకి వచ్చి కూర్చున్న చిరుతపులి, అది లేచి వెళ్ళేదాకా కిటికీలోంచి గీసింది. వారం రోజులుగా వచ్చినవాళ్ళంతా ఆ చిరుత గురించే అడిగారు. పరుశురాం దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఇది ఏ దినం గీసిన్రు?"

"కొండ విరిగిపడిన రోజే. ఎదుటి వాలు మీద కూర్చుని రోజూ ఆ మలుపునే గీసేదాన్ని. ఆవిడ మలుపు తిరిగి ఐదు నిమిషాలు కూడా కాలేదు..."

"నవనీత," అన్నాడు పరుశురాం. "ఆమె పేరు."

కాత్యాయని పెదవుల మధ్యే ఆ పేరును పలికి చూసుకుంది.

"ఉబ్బసం ఉండె. గా కొండల గాలి పడ్తదని ఏడాదికి రెండుసార్లు పంపిన. పది దినాలు యోగా క్యాంపు. టికెట్లు నేనే తీస్తుంటి. స్టేషన్‌కొచ్చి నేనే బండెక్కిస్తుంటి."

"ఎన్నేళ్ళుగా వచ్చేవారు?"

"మూడేండ్లు. తిరిగొచ్చినంక ముఖం ఎంత కళగా ఉండేదో మేడం! నెల దినాలు పాటలు పాడుకుంట తిరిగేది."

కాత్యాయని ఇంకో కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"మీరు గాడ ఒక్కరే ఉండేటోళ్ళా?"

"ఇద్దరం. మా ఆయన అక్కడే ఉండిపోయారు."

అడగకూడనిది అడిగాననుకున్నాడేమో, అతను తల దించుకున్నాడు. బొమ్మనే చూస్తూ అన్నాడు.

"నేను వచ్చింది ఒక్క మాట అడగనీకి మేడం. ఆమె శవం దొరకలే. దేవులాడనీకి గాడికి పోయిన నాడు కింద బస్టాండు కాడి చాయ్ హోటలాయన చెప్పిండు, ఆమె పక్కన ఒక మొగాయన ఉండె అని. మా తమ్ముడు గా మాట ఇన్నడు. ఇంటికొచ్చి చెప్పిండు. రెండేండ్లయింది. ఎవ్వలూ నోరిప్పి అనరు. చూపులతోనే అంటరు. రేపు నా బిడ్డకు తెలివొచ్చినంక ఎవ్వలో ఒకళ్ళు చెప్తరు. మీరు కండ్లార చూసిన్రు. నిజం చెప్పున్రి, ఆమె పక్కన ఎవరన్న ఉండెనా?"

కాత్యాయని వంగి, బొమ్మలో ఆ పసుపు చున్నీ పక్కనున్న ఖాళీ దారిని చూసింది.

"లేరండీ," అంది. "ఆవిడ ఒక్కతే."

"ఒక్కతేనా?"

"ఉన్నదున్నట్టే గీస్తాను నేను. ఎవరైనా ఉంటే బొమ్మలో ఉండేవారు కదా!"

పరుశురాం బొమ్మ మీద తల వాల్చి ఏడ్చాడు. రెండేళ్ళుగా ఆపుకున్నదంతా వచ్చేసింది. ఏడుపు ఆగాక కాత్యాయని పాత పేపర్లు తెచ్చి బొమ్మను తనే చుట్టింది, దారంతో కట్టింది, అతని చేతుల్లో పెట్టింది.

ఇద్దరూ క్యాంపస్ చెట్ల కింద నడుచుకుంటూ తార్నాక మెట్రో స్టేషన్ దాకా వచ్చారు. మెట్ల దగ్గర అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"పాప మంచం ఎదురుంగ పెడ్త మేడం. మీ అమ్మ గిట్ల ఒక్కతే పోతుండె బిడ్డా, ఎవ్వల మాట ఇనకు అని చెప్త."

పేపర్లో చుట్టిన బొమ్మను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కాత్యాయని అక్కడే నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అక్క రజిని.

"అదేంటే, ఆ బొమ్మ ఎవరికో ఇచ్చేశావట? ఇప్పుడే గ్యాలరీకి ఫోన్ చేస్తే చెప్పారు. ఆవిడెవరో తెలియాలనే కదా రెండేళ్ళుగా ఊరూరా తిప్పి వేలాడదీశావు! తెలిసిందా?"

"తెలిసిందక్కా. ఆవిడ భర్తే వచ్చాడు."

"మరి అతనికి నిజం చెప్పావా?"

పైన రైలు కదిలి మెట్టుగూడ వైపు వెళ్ళిపోయింది.

"ఏమని చెప్పనక్కా? ఆవిడ చెయ్యి పట్టుకుని నడుస్తున్న మనిషిని గీయడానికి నాకు చెయ్యి రాలేదనా, ఆ మనిషి మా ఆయనేననా?"