చర్చి వీధిలో ఇల్లు

మొదటి రాయి వంటగది కిటికీ పగలగొట్టుకుని క్యాబేజీ సూపు గిన్నెలో పడింది. రెండోది బర్తో నుదుటికి తగిలింది.

బర్తో, అతని భార్య అరంక, మనవరాలు ఆ ఇంట్లో దిగి నాలుగు రోజులే అయింది. వాగు అవతల రోమా జాతి వాళ్ళ గుడిసెల్లో పుట్టినవాళ్ళకి చర్చి వీధిలో, స్లొవాకుల మధ్య పంచాయతీ ఇల్లివ్వడం అదే మొదలు. తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి ఉంది. అరంక ఊరికే తిప్పి చూసుకునేది.

ఆదివారం పట్టపగలు ఆరుగురు తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చారు. అందరికీ నల్ల ముసుగులు, చేతుల్లో కర్రలు.

“వాగు దాటి ఎందుకొచ్చార్రా, జిప్సీ వెధవల్లారా?” అన్నాడొకడు.

“తాళం మీ మేయరే ఇచ్చాడు. పోయి ఆయన్నడుగు,” అన్నాడు బర్తో నెత్తురు తుడుచుకుంటూ.

కర్ర మోకాలి మీద పడింది. కూలిపోయాక వీపు మీద, పక్కటెముకల మీద, తల మీద. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినబడింది. మనవరాలు బల్ల కిందికి దూరింది.

అరంక పొయ్యి ఊచ అందుకుంది. ఒకడి చెయ్యి విరిగింది. ఇంకొకడి చెవి చీలింది. అంతవరకూ గుమ్మంలో నిలబడి, మాట్లాడకుండా చేత్తోనే పురమాయిస్తున్న నాయకుడు ఆమె ఎదురుగా వచ్చాడు. కర్ర ఎత్తాడు. దించలేదు. ఆమె ఊచ కూడా గాలిలోనే ఆగిపోయింది.

వెనక నుంచి ఎవడో ఆమె తల పగలగొట్టాడు.

ఆస్పత్రిలో స్పృహ వచ్చేసరికి తలకి పదకొండు కుట్లు. బర్తో పోయాడని నర్సు చెప్పింది. మనవరాలికి ఏమీ కాలేదంది.

మంచం పక్కన పోలీసు కాగితం పట్టుకుని ఉన్నాడు.

“ముసుగులన్నారు కదా పెద్దమ్మా. గుర్తు తెలియని వ్యక్తులని రాసేశాను. సంతకం పెట్టు, నీకూ పని తేలికవుద్ది.”

“నాయకుడెవడో నాకు తెలుసు.”

“ఊరికే ఎవరి పేరో చెప్తే నీకే చిక్కు.”

“లదిస్లావ్. వాగు దాటి పోయాక ఇంటిపేరు హుడాక్ అని పెట్టుకున్నాడట.”

పోలీసు కలం మూసేశాడు. హుడాక్‌తో కలిసి ప్రతి శనివారం ఫుట్‌బాల్ ఆడతాడు తను.

“మొహం కనబడలేదు, గొంతూ వినబడలేదని నీ మనవరాలే చెప్పింది. అతనేనని ఎలా చెప్తావు?”

అరంక కాగితాన్ని వెనక్కి నెట్టింది.

“కన్నదాన్ని బాబూ, నా కొడుకుని పోల్చుకోడానికి నాకు మొహం కావాలా?”