గోమార్ల మందు

మునిరత్నం దుడ్డుకర్ర ఎత్తినప్పుడు కూడా కుక్క తోక ఆడించింది. దాని నోటినిండా నురగ. మూడో దెబ్బకు తల పగిలి, కాళ్లు తన్నుకుని ఆగిపోయింది.

“పిచ్చి కుక్క! ఇంక పాపను కరవదులే,” అన్నాడు రొప్పుతూ.

అతని భార్య సుశీలమ్మ దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది. “ఏంది ఈ కంపు? దీని ఒంటికేం పూసినావు?”

“నెత్తురు తాగే గోమార్లు ఒళ్లంతా పట్టినాయని పొద్దన శనక్కాయ చేనుకు కొట్టే మందు పూసినా.”

“దాన్ని నాక్కోనుంటాది. పిచ్చి కాదది, మందు కడుపులోకి పోయి నురగ కక్కింది!”

మునిరత్నం చేతిలోని కర్ర జారింది. “పాప యాడ?”

“తల తిరగతాదని లోపల పండుకోనుండాది. ఏం?”

అతను అప్పటికే గడప దాటుతున్నాడు.

“పేలు పోతాయని మిగిలిన మందు పాప తలకు పూసినా!”