విజయం మీదే

“ఆ పూలు తీసెయ్యండి,” అంది ఫోన్లో ఆడగొంతు.

“పూల దుకాణం కాదమ్మా, కళ్ళజోళ్ళ దుకాణం,” అన్నాడు కళ్ళజోళ్ళాయన. చేతులు ఖాళీ లేక ఫోన్‌ని స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. ఫ్రేములో అద్దం సరిగ్గా కూర్చోనంటోంది.

“తెలుసండీ. కోటల ఆట సర్వరు చూసుకునేది మీరే కదా. ఆ ప్రోగ్రాం పేజీలో ఈ నంబరే ఉంది.”

అద్దం పక్కన పెట్టేశాడు. ఏడేళ్ళుగా ఆ సర్వరు ప్రోగ్రాంని కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నాడు. పదిమంది పది ఫోన్ల మీద ఒకే ఆట ఆడాలంటే మధ్యలో కూర్చుని అందరినీ కలిపేది అదే. ఎవరైనా ఊరికే తీసుకుని నడుపుకోవచ్చు. తెలిసినవాళ్ళెవరైనా విప్పి చూసి బాగుచెయ్యొచ్చు. మొన్న ఆదివారమే కొత్త వెర్షన్ విడుదల చేశాడు.

పాతదానిలో ఒక జట్టువాళ్ళందరూ మానేస్తే రెండో జట్టు మూసిన కోట ముందు దిక్కులు చూస్తూ నిలబడిపోయేది. ఇప్పుడలా కాదు. నాలుగు రోజులు కనబడనివాళ్ళ పేరు దానంతటదే పోతుంది. జట్టు ఖాళీ అయిందంటే చాలు, అవతలివాళ్ళకి తలుపులు తెరుచుకుంటాయి. బాజాలు మోగుతాయి, తెర నిండా పూలు కురుస్తాయి, ‘విజయం మీదే’ అని అక్షరాలు వెలుగుతాయి. రెండేళ్ళుగా జనం ప్రాణం తీసి అడిగిన మార్పు అది.

“ఆ పూలే అందరికీ నచ్చాయండీ,” అన్నాడు.

“మాకొద్దు. పూలు, బాజాలు, ఆ మాట, మూడూ తీసెయ్యండి. సోమవారం లోపల.”

కాఫీలో పంచదార వద్దన్నంత తేలిగ్గా చెప్పింది. ఆయనకి ఒళ్ళు మండింది.

“పాత వెర్షనే నడుపుకోండి మరి.”

“ఇక్కడ సర్వరు నడిపే టెక్నీషియన్ ఉత్సాహం కొద్దీ కొత్తది ఎక్కించేశాడు. వెనక్కి తిప్పడం అతనికి చేతకాదు.”

“నాతో మాట్లాడించండి, నేను చెబుతాను.”

“వద్దండీ. ఎందుకని అడుగుతాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు.”

కౌంటరు దగ్గర అద్దాలు తుడుస్తున్న భార్య మూతి విరిచింది. “ఓడిపోయేట్టుంది. ఉక్రోషం,” అంది, లోగొంతుకతోనే.

“లేదమ్మా, ఏడాదిన్నరగా మాదే పైచెయ్యి,” అంది ఫోను.

భార్య నాలిక్కరుచుకుని గుడ్డ మడతపెట్టింది.

“చూడండి,” అన్నాడు కళ్ళజోళ్ళాయన, గొంతు సవరించుకుని. “ఇది నా ఒక్కడి సొత్తు కాదు. మీ అభ్యంతరం ఆ పేజీలో రాయండి. పనిచేసేవాళ్ళు నలుగురూ చూస్తారు, చర్చ జరుగుతుంది. ఒక నెలలో ఏదో ఒకటి తేలుతుంది.”

“నెల లేదండీ నాకు.”

“ఎందుకంత తొందర? మీరు ఆట మానేస్తున్నారా?”

“అవును. రేపే ఆఖరు.”

“అదీ సంగతి. మీరు మానేస్తారు గానీ అవతలివాళ్ళు గెలిచామని సంతోషపడకూడదు. అంతేగా?”

అవతల ఎక్కడో ఒక యంత్రం ఆగి ఆగి కూస్తోంది.

“అంతే అనుకోండి,” అంది.

ఆ ఒప్పుకోలుతో ఆయనకి హుషారొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఒక్క మనిషి కోసం ఆటనెలా మారుస్తామండీ? మీ జట్టులో మిగతావాళ్ళు ఆడతారుగా. ఎంతమంది ఉన్నారు?”

“నేనొక్కదాన్నే.”

“అవతల?”

“అటూ ఒక్కతే. మొదట్లో ఇటు ఆరుగురం, అటు ఆరుగురు.”

“మిగతా పదిమందీ ఏమయ్యారు?”

“పోయారండీ.”

“ఎక్కడికి? వేరే ఆటకా?”

భార్య చటుక్కున తలెత్తింది. ఆయనకి మాత్రం ఇంకా వెలగలేదు. స్క్రూడ్రైవరు వేళ్ళ మధ్య తిప్పుతూ జవాబు కోసం చూస్తున్నాడు.

“మాది డయాలసిస్ వార్డండీ,” అంది ఆవిడ. “వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. ఒక చేతికి సూదులుంటాయి, రెండో చేత్తో ఆడుకునేవాళ్ళం. కిటికీ వైపు మంచాలది ఒక జట్టు, గోడ వైపు మంచాలది ఒక జట్టు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎందుకో ఆ ఆట జోలికి రావడం లేదు.”

స్క్రూడ్రైవరు కింద పడి బల్ల కిందికి దొర్లింది. ఆయన దాని కోసం వంగలేదు.

“నా ఒంటికి ఇక పడటం లేదు. రేపటితో మిషను ఆపెయ్యమని సంతకం పెట్టాను. నాలుగు రోజులంటే సోమవారమే కదండీ?”

అవునన్నట్టు తలూపాడు. ఫోన్లో తలూపితే కనబడదని కూడా తోచలేదు. భార్య వచ్చి కంప్యూటరు ఆయన ముందుకి జరిపింది. ఆ పేజీ తెరిచి పూలున్న వరస వెతికాడు. రెండేళ్ళు నలుగురు కూర్చుని రాసినది, కంటికి ఆనడం లేదు.

“ఇవాళే... ఇప్పుడే తీసేస్తున్నానండీ,” అన్నాడు. “మీ టెక్నీషియన్ నంబరివ్వండి. ఏదో లోపం సరిచేశామని చెప్పి నేనే ఎక్కిస్తాను. అతనికేం తెలియనివ్వను.”

“చల్లగా ఉండండి.”

పూల వరస దొరికింది. “ఆ పూల చోట ఏం పెట్టమంటారు?”

“ఏమీ వద్దండీ, నా పేరు అలాగే ఉండనివ్వండి,” అంది ఆవిడ. “గోడ వైపు మిగిలింది మా చెల్లెలు. సంతకం సంగతి దానికింకా తెలియదు.”