మేస్త్రి నోరు

"సాంబయ్యా, కండ్లు నెత్తిన వెట్టుకున్నవా? ఉలి పొట్టుల పారేస్తే ఎవని అరికాల్లె దిగాలె?"

రాజలింగు మేస్త్రి అరుపు కొట్టం బయటికి వినిపించింది. జొన్న గటక ముంత పట్టుకొని వస్తున్న భాగ్యమ్మ గుమ్మం కాడనే ఆగిపోయింది. లోపల ఆమె మొగుడు తలవంచుకొని, చెక్కపొట్టులో చెయ్యిపెట్టి ఉలి వెతుకుతున్నాడు.

ఆమెకు ఒళ్లు భగ్గుమంది.

పాలకుర్తి చుట్టుపక్కల సాంబయ్య చేసిన బండి ఎక్కని మనిషి లేడు. దొర ఊరు విడిచి పారిపోయినంక, గడి వెనక బగ్గీలు నిలిపే కొట్టాన్ని, దొర మీద తిరగబడ్డ రైతుల సంఘం ఊరుమ్మడి చేసింది. వడ్రంగం చేసే నాలుగూళ్ల వడ్లవాళ్లు తమ రంపాలు, బాడిశలు తెచ్చి అక్కడ పెట్టారు. అందరి నాగళ్లూ అక్కడే తయారవుతున్నాయి. ఒకరి పనిముట్టు మీద ఇంకొకరి చెయ్యి పడే చోటు. ఏమరుపాటు అయితే వేలో కాలో పోతుంది. అందుకని మొదట్లోనే కట్టడి పెట్టినవాడు సాంబయ్య. బాడిశ దెబ్బకు ఎదురుగా ఎవరూ కూర్చోవద్దు. పిడి వదులైన పనిముట్టు ముట్టొద్దు. రంపం కోసేవాణ్ని పలకరించొద్దు. ఉలి పొట్టులో వదలొద్దు.

అసుంటి మనిషిని, మొన్నమొన్న మానుకోట దిక్కు నుంచి వచ్చిన ఈ రాజలింగు పొద్దంతా తిడుతున్నాడు. తిట్టే తిట్లు కూడా సొంతవి కావు. 'ఎవని అరికాల్లె దిగాలె' అన్నది సాంబయ్య ఊతపదం. కొట్టంలో అందరికీ తెలుసు.

"నీ మాటలే ఎత్తుకపోయి నీ మీదనే ఇసురుతుండు. సిగ్గన్న లేదా నీకు?" గటక పోస్తూ పండ్లు కొరికింది భాగ్యమ్మ.

"తప్పు నాదేనాయె," అన్నాడు సాంబయ్య.

"మూతి మీద మీసం రాకముందు పట్టిన ఉలి. ఇయ్యాల అది ఏడ పెట్టాల్నో తెలుస్తలేదా?"

"మేస్త్రి పెద్దమనిషి. ఆయన ఏమన్నా పడాలె. నువ్వు గూడ నోరు మూసుకో."

పక్కన నాగలి చెక్కుతున్న మొగిలి నవ్వాడు. "వదినె, మా అన్నకు నీ తిట్లు సాలుతలెవ్వు. అందుకే ఇంకో మనిషిని పెట్టుకున్నడు."

"నీ మూతికి తోపడ వడ్తె నున్నగైతది. నవ్వకు."

"చెల్లె, రంపం కాడ ముచ్చట్లు పెట్టొద్దు," అన్నాడు మేస్త్రి అటు తిరిగే.

అదీ సాంబయ్య మాటే. ముంత నేలకేసి కొట్టబోయి ఆగింది భాగ్యమ్మ.

అప్పుడే గడి ముందు పోలీసు లారీ ఆగింది. పట్నం నుంచి కొత్తగా వచ్చిన అమీన్ కొట్టంలోకి నడిచాడు. వెనుక తుపాకుల జవాన్లు. భాగ్యమ్మను గోడకు నెట్టారు.

"దళం నాయకుడొకడు ఈడ దాక్కున్నడని ఖబర్ ఉన్నది," అన్నాడు అమీన్. "వడ్లోని ఏషంల ఉన్నడట. అందరు పని చేసి చూపుండ్రి. చేతగానోడు ఎవడో నాకే ఎరుకైతది."

బాడిశలు లేచాయి. రంపం కూసింది. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకొని నడుమ నిలబడ్డాడు.

"నర్సయ్యా, పిడి చూసుకో. మొగిలీ, ఎదురుంగ ఎవడన్న ఉన్నడా చూడు. సాంబయ్యా, కాలు జరుపు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

అమీన్ వరుస వెంట నడిచి, వట్టి చేతులతో ఉన్న మేస్త్రి ఎదుట ఆగాడు.

సాంబయ్య చేతిలో బాడిశ జారింది. బండి గిర్రకు ఆకుగా చెక్కుతున్న కట్టె ఎగిరిపడింది. బాడిశ అంచు పాదంలో దిగింది. పొట్టు ఎర్రబడింది.

అమీన్ అటు తిరిగి నవ్వాడు. "తన కాలు తనే నరుక్కునే వడ్లోడు ఏడన్న ఉంటడా? లేపుండ్రి వాన్ని."

"ఆయన నా పెనిమిటి," భాగ్యమ్మ జవాన్లను నెట్టుకొని వచ్చింది. "ఈ ఊరి వడ్ల సాంబయ్య. ఊళ్లె ఎవల్నన్న అడుగు."

"సంఘం ఊళ్లె ఎవల్ని అడిగినా గట్లనే చెప్తరు."

ఆమె మేస్త్రి మీదికి తిరిగింది. "నువ్వు చెప్పు. ఇన్నొద్దులు ఆడిన నోరు ఏడ పోయింది? ఈయనకు పని వస్తదని ఒక్క మాట చెప్పు."

రాజలింగు నోరు తెరిచాడు. సాంబయ్య అతని మాటకు అడ్డం పడ్డాడు. "నాకు పని రాదని దినాము నువ్వే అంటివి గదా మేస్త్రీ. గదే చెప్పు."

అమీన్ మేస్త్రి దిక్కు చూశాడు.

"రాదు," అన్నాడు రాజలింగు.

నెత్తురోడుతున్న కాలు ఈడ్చుకుంటూ సాంబయ్య లారీ ఎక్కాడు. ఎక్కించేటప్పుడు తుపాకి మడమతో వీపులో ఒక దెబ్బ. భాగ్యమ్మ వెంట ఉరికింది. లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది.

తిరిగి వచ్చేసరికి మొగిలీ నర్సయ్యా నేలచూపులు చూస్తున్నారు. మేస్త్రి మాత్రం నిలబడ్డ చోటే ఉన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి ఆమెకు ఇంకా మండింది. నెత్తురంటిన బాడిశ తీసి అతని రొమ్ముకు గుద్దింది.

"నా మొగనికి రాని పని నీకొస్తది గదా. వట్టు. ఆయన ఇడిసిపెట్టిన ఆకు చెక్కు, నేను చూస్త."

రాజలింగు బాడిశ అందుకొని, ఏ దిక్కు చెక్కుతుందో తెలియక, తుపాకి పట్టినట్టు రెండు చేతులా ఛాతీకి అడ్డంగా పట్టుకున్నాడు.