నా కన్ను పడిన పడవ

రామనర్సయ్య పాత ఫైబర్ పడవ కొని శబరి నది ఒడ్డున కొంటా ఊరి రేవులో దించిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. నా కర్రపడవ ఎక్కే జనమంతా అటే పోయారు.

ఈ ఉదయం అతను టీకి వెళ్లగానే, ఒడ్డున బోర్లించిన ఆ పడవ అడుగును నాణెంతో తట్టుకుంటూ పోయాను. ఒక్కచోట చప్పుడు మెత్తబడింది. గోటితో గీకితే కొత్త రంగు కింద పుట్టీ, పుట్టీ కింద మూరెడు పగులు. అమ్మినవాడు దాచేశాడు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కాసేపటికే అతను పడవ దించి, అవతలి ఒడ్డున మోటు ఊరి సంతకు పోయేవాళ్లను పిల్లలతో సహా ఎక్కించాడు. శబరి పోటెత్తి ఉంది. పరుగెత్తాను.

“అడుగున పగులుంది, పోనియ్యకు అన్నా.”

“నీ కడుపుమంట నాకెరుకే ఎర్రయ్యా. కొన్నకాడ్నించి చూస్తనే ఉన్న.”

అందరూ నవ్వారు. అతను తాడు విప్పాడు.

“అవు, మంటే,” అన్నాను గట్టిగా. “పదిరోజులాయె, నా కన్నంత దీనిమీదనే. నా దిష్టే తగిలింది. ఇయ్యాల మునుగుతది.”

నవ్వులు ఆగిపోయాయి. పిల్లలను చంకనేసుకుని ఒక్కొక్కరే దిగారు.

పక్కనే నా పడవ ఖాళీగా ఉంది. అందులో ఒక్కరూ ఎక్కలేదు.