కరపత్రంలోని పిల్ల

"చందాల కోసం వేసిన కరపత్రంలో నీకు అమ్మా నాన్నా లేరని రాశాం. దాతలు అడిగితే అదే చెప్పు" అని పేటలో ఇంగ్లీషు క్లాసు నడిపే టీచరు పిల్ల చెవిలో చెప్పింది.

ఇంతలో కూతురి ఇంగ్లీషు వినాలని, పని మానుకుని వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడింది.

క్లాసు చూడటానికి వచ్చిన దాత ఆమెను చూపించి ఏదో అడిగాడు. పిల్ల తడుముకోకుండా ఇంగ్లీషులో జవాబిచ్చింది. ఆయన మెచ్చుకుని చప్పట్లు కొట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తల్లి అంతకంటే గట్టిగా కొట్టింది.

పిల్ల దగ్గరికి రాగానే, "గడగడా మాట్లాడేశావే. ఏమడిగాడు?" అంది.

"నువ్వెవరని."

"ఏం చెప్పావు?"

పిల్ల తల దించుకుంది. "గది ఊడ్చే ఆవిడన్నాను."

దాత ఇంకా ఇటే చూస్తున్నాడు. తల్లి కొంగు నడుముకు దోపుకుని, తలుపు చాటునున్న చీపురు అందుకుంది.